ఎదురుకాళ్ల పిల్ల నడుము

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సింది పోయి కాళ్లు ముందు వచ్చాయి. మా అమ్మ చచ్చి బతికిందట. మా వైపు పల్లెల్లో అలా పుట్టినవాళ్లకు పుట్టుకతోనే ఒక ఉద్యోగం ఖాయం. ఎవరికి నడుము పట్టేసినా బోర్లా పడుకోబెట్టి ఎదురుకాళ్లవాళ్లతో తొక్కిస్తారు. మునుగోడు వైపు మా ఊళ్లో ఆ ఉద్యోగం నాదే. బడికి పోయే వేళకు ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, "అనసూయను జర పంపుండ్రి, నడుము వట్టింది" అనేవారు. నేను సంచీ పక్కన పడేసి, గోడ పట్టుకుని, పెద్దవాళ్ల వీపుల మీద దర్జాగా నడిచేదాన్ని. బెల్లం ముక్కో జామకాయో చేతిలో పెట్టేవారు. గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు!

అలాంటి నాకే నడుము పోతే ఎవరు తొక్కాలి? నా వీపు నేను తొక్కుకోలేను కదా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ నవ్వు రావడానికి ఏళ్లు పట్టింది. నాలాగే ఎవరూ నమ్మక, ఏ దవాఖాన బెంచీ మీదో నడుము పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను, కొంత నా ధైర్యం కోసం కూడా.

2016, చలికాలం

అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో బస్సు కండక్టర్‌ని. పెళ్లయి ఈ ఊరికి, మా నోట పాలమూరుకు, వచ్చాక దొరికిన ఉద్యోగం. మా ఆయన శంకర్‌కు మోటార్ల వైండింగ్ దుకాణం. ఇంట్లో మేమిద్దరం, అత్తమ్మ, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న మా పాప. నాకు ఎక్కువగా పడేది అచ్చంపేట రూటు.

ఒక తెల్లవారుజామున పక్కకు తిరగబోతే తిరగలేకపోయాను. నడుము కింద, తుంటి లోపల, చేత్తో ఒత్తినా అందనంత లోతున నొప్పి. మంచం పట్టె పట్టుకుని మోకాళ్ల మీద కిందికి దిగి, గోడ ఆసరాతో లేచాను. వేడి నీళ్లు పోసుకున్నాక కాస్త కదలిక వచ్చింది. సరే, ఎక్కడో పట్టేసిందనుకుని డ్యూటీకి పోయాను. బస్సులో నిలబడి, ఊగుతూ, టికెట్లు కొడుతూ జడ్చర్ల దాటేసరికి నొప్పి సగం తగ్గింది. కల్వకుర్తి వచ్చేసరికి నొప్పి సంగతే మరిచిపోయాను. మర్నాడు పొద్దున మళ్లీ మొదలు.

నాకు అర్థం కాని తిరకాసు ఇక్కడే ఉంది. పని చేస్తే నొప్పి రావాలి, పడుకుంటే పోవాలి. లోకంలో అందరికీ అంతే కదా! నాకు మాత్రం అంతా ఉల్టా. పడుకుంటే వస్తుంది, తిరిగితే పోతుంది. సెలవు రోజు వచ్చిందంటే భయం.

ఈ ఉల్టా యవ్వారం ఇంట్లో నా పరువు తీసింది. పొద్దున ఇంటి పని వేళకు నేను మంచం దిగలేను. ఆ తర్వాత నున్నగా తల దువ్వుకుని డ్యూటీకి పోతాను. చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుంది? ఒకరోజు అత్తమ్మ పక్కింటామెతో అంటుంటే విన్నాను.

"వాకిలి ఊడ్వాలె, బోళ్లు తోమాలె అనంగనే నడుము నొస్తది. బస్సెక్కంగనే మాయమైతది. గిదేం బీమారమ్మా, నేనైతే యాడ జూడలె."

అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. నేను డ్యూటీకి పోతే నా బిడ్డను కడుపులో పెట్టుకుని చూసుకుంది ఆమే. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. శంకర్‌కు చెబితే, "అమ్మ మాటలు పట్టించుకోకు" అన్నాడు గానీ, "నీకు నిజంగనే నొస్తాందా?" అని ఒక్కసారి అడిగాడు. ఆ ప్రశ్నకు స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

2017 నుంచి 2019 దాకా

దవాఖానల కాలం ఇది. ఒక్క సంగతి తెలుసుకున్నాను. నడుము నొప్పికి కారణం ఈ లోకంలో ప్రతివాళ్లకూ ముందే తెలుసు, డాక్టర్లతో సహా.

మొదట చూపించుకున్న ఎముకల డాక్టర్ నా ఊరి పేరు అడిగి, చెప్పగానే పెన్ను కింద పెట్టేశాడు. "అక్కడి నీళ్లే కదా తాగి పెరిగింది. ఇంకేముంది!" మా వైపు బావుల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి రాకముందు పుట్టినవాళ్ల పళ్లు చూస్తేనే ఊరి పేరు చెప్పొచ్చు. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు. "తొలి దశలో ఉండొచ్చు, రెస్ట్ తీసుకోండి" అని నడుముకు బెల్టు రాశాడు.

రెండో డాక్టరమ్మ పాప పుట్టుక గురించి అడిగింది. ఆపరేషన్ అన్నాను. ఆమె ఏమీ అనకముందే పక్కన కూర్చున్న అత్తమ్మ అందుకుంది. "నడుముల సూది ఇచ్చిన్రు గదమ్మా, గప్పటి సందే." ఆపరేషన్‌కు ముందు వెన్నులో ఇచ్చే మత్తుసూది మీద మన ఆడవాళ్లందరికీ ఉన్న అనుమానమే అది. డాక్టరమ్మ అవుననలేదు, కాదనలేదు. బలం గోళీలు రాసి, రెస్ట్ తీసుకోమంది.

ఇక బస్సులో సంగతి చెప్పక్కర్లేదు. నడుము మీద చెయ్యి వేసుకుంటే చాలు, సీటుకో వైద్యుడు లేచేవాడు. ఆవనూనె అని ఒకరు, ఇసుక వేయించి కాపడం పెట్టమని ఒకరు. ఒక అవ్వ అయితే దిగబోతూ మెట్టు మీద ఆగి, "మొగనితోని గొడవైందా బిడ్డా? కడుపుల పెట్టుకుంటె నడుముల వడ్తది" అని చెప్పి మరీ దిగింది. వెనక హారన్లు కొడుతున్నా ఆమెకు ఫికర్ లేదు. ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వులు, ఆ పలకరింపులు లేకపోతే నేనేమయ్యేదాన్నో.

రెస్ట్ అని అందరూ అంటున్నారు కదా అని డిపోలో అర్జీ పెట్టుకుంటే, కూర్చుని చేసే పని ఇచ్చారు. విచారణ కిటికీ వెనక కుర్చీలో కూర్చుని బస్సుల వేళలు చెప్పాలి. అందరూ నన్ను చూసి కుళ్లుకున్నారు. నాకు మాత్రం నరకం. మధ్యాహ్నానికి కుర్చీలోంచి లేవాలంటే బల్ల మీద రెండు చేతులూ ఆనించాలి. అప్పుడే నాలో కుతూహలం లేచింది. ఒకరోజు భోజనం వేళ కూర్చోకుండా ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం హాయిగా ఉంది. మరుసటి రోజు కూర్చునే తిన్నాను. సాయంత్రం నడుము రాయి అయింది. మళ్లీ తిరిగి చూశాను, మళ్లీ కూర్చుని చూశాను. ప్రతిసారీ అదే ఫలితం. ఇది దొంగ నొప్పి కాదు, దీనికి ఒక పద్ధతి ఉంది అని అప్పుడు గట్టిగా నమ్మాను. పద్ధతి ఉన్నదానికి పేరు కూడా ఉండి తీరాలి.

ఈ సంగతి హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టర్‌కు చెప్పాను. స్కానింగ్ చూసి, "డిస్క్ కొంచెం జారింది, అది అందరికీ ఉండేదే" అన్నారు.

"సార్, పడుకుంటే ఎక్కువైతది, తిరిగితే తగ్గుతది. గట్లెందుకు సార్?" అన్నాను.

ఆయన నా వైపు కాకుండా శంకర్ వైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా?" అన్నారు. మనసు డాక్టర్‌కు చూపించమని చీటీ రాశారు. తిరుగు బస్సులో శంకర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను సీటు ఉన్నా నిలబడే వచ్చాను. ఆ డాక్టర్ మీద కన్నా, ఆయన మాటకు తలూపిన నా మొగుడి మీద ఎక్కువ కోపం వచ్చింది.

2020, ఎండాకాలం

కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. నాకు కరోనా రాలేదు గానీ అన్నిటికన్నా చెడ్డకాలం అదే. తిరగడానికి తావు లేదు. ఇంట్లో నలుగురం రెండు గదుల్లో. పొద్దున బిగుసుకున్న ఒళ్లు మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. తుమ్ము వస్తే పక్కటెముకలు పట్టుకునేదాన్ని. పాప ఎత్తుకోమని చేతులు చాపితే వంగలేక, నేల మీద కూర్చుని ఒళ్లోకి రమ్మనేదాన్ని. కూర్చున్నాక లేవడం ఇంకో గండం.

అప్పుడొక మార్పు వచ్చింది. శంకర్ దుకాణం కూడా మూసే ఉంది కాబట్టి నా పొద్దులు ఎలా ఉంటాయో కళ్లారా చూశాడు. ఒక తెల్లవారుజామున నేను మోకాళ్ల మీద గోడ దాకా పాకుతుంటే లేచి కూర్చుని చూస్తున్నాడు. వచ్చి చంకల కింద చేతులు వేసి నిలబెట్టాడు. తర్వాత రోజు నుంచి నాకన్నా ముందు లేచి నీళ్లు కాచేవాడు. "గిన్నొద్దులు నాకేం ఎర్క!" అన్నాడొకసారి, పొయ్యి వైపు చూస్తూనే. ఆ మాటతో నా కోపంలో చాలా భాగం పోయింది.

2021, వానాకాలం

మళ్లీ బస్సులు తిరిగాయి. నేను కూర్చునే పని వద్దని రాసిచ్చి బ్యాగు భుజానికేసుకున్నాను. కొంత నయమనిపించింది, కానీ పూర్తిగా తగ్గలేదు. అప్పుడు చేసిన పిచ్చిపని చెబుతాను. దయచేసి మీరు చెయ్యకండి.

అచ్చంపేట అవతల అడవి అంచు పల్లెలో ఎదురుకాళ్లతో పుట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని బస్సులో ఎవరో చెప్పారు. నేనెంత మందికి తొక్కలేదు, నాకూ ఒకరు తొక్కితే పోతుందేమో అనిపించింది. చిన్నప్పటి నమ్మకం ఎక్కడికి పోతుంది? సెలవు రోజున వెళ్లి బోర్లా పడుకున్నాను. ఆయన పాపం మంచి మనసుతోనే కాలు మోపాడు. లోపల ఏదో కలుక్కుమంది. ఊపిరి అందలేదు. ఆయనే కంగారుపడి ఆటో పిలిపించి ఎక్కించాడు. శంకర్ ఎదురొచ్చి మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు తీసుకెళ్లాడు.

అక్కడ కనబడింది డాక్టర్ నస్రీన్. చిన్న వయసు, పాలమూరు పిల్లే. బయట వరండా నిండా జనం. లోపలికి వెళ్లగానే తిట్లు తినడానికి సిద్ధమయ్యాను. చదువుకున్న ఆడమనిషివి, వీపు తొక్కించుకోవడం ఏమిటని అంటుంది కదా! ఆమె పక్కటెముకలు ఒత్తి చూసి, విరగలేదని చెప్పి, స్టూలు ముందుకు జరుపుకుంది.

"ఎదురుకాళ్లంటే మా నానమ్మ చెప్తుండె. నేనెప్పుడు చూడలె. ఎట్ల తొక్కుతరమ్మా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఇన్నేళ్లలో నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మొదటి డాక్టర్ ఆమె. నాకు మాట ఆగలేదు. నేనూ ఎదురుకాళ్లదాన్నేనని, చిన్నప్పుడు ఊరందరికీ తొక్కానని చెప్పాను. ఆమెకు ఇంకా సరదా పుట్టింది.

"అందరి వీపులు ఒక్క తీరుగనే ఉంటయా, పాదం కింద?"

"యాడిది మేడం! కొందరివి మెత్తగ దిగుతయి. కొందరివి కటుకుమంటయి. మా బాపుది అయితే చెక్క మీద నిలవడ్డట్టే ఉండె. జరంత గూడ దిగకపోయేది. మిగిలినోళ్లు ఒకసారి తొక్కిచ్చుకుంటె మళ్ల రాకపోదురు. బాపుకైతె రోజూ తొక్కాలె."

"రోజూనా? ఎప్పుడు తొక్కిచ్చుకునేది? పొలం పని చేసొచ్చినంకనా?"

"లే మేడం, పొద్దుగాల, లేవంగనే. పొలం పోయొచ్చినంక ఆయనకు నొయ్యకపోయేది."

అనేసి, నేనే నోరు తెరుచుకుని ఆగిపోయాను. మా నాన్న సంగతి చెబుతుంటే నా సంగతే చెబుతున్నట్టు ఉంది. ఆమె కూడా రాయడం ఆపి నా ముఖం చూసింది.

"మరి నీకు?" అంది నెమ్మదిగా.

అప్పుడు చెప్పాను అంతా. తెల్లవారుజాము నొప్పి, గోడ దాకా పాకడం, కుర్చీ, ప్లాట్‌ఫాం, జడ్చర్ల, కల్వకుర్తి. బయట ఎవరో తలుపు తట్టారు. ఆగమని చెయ్యి చూపించింది. నా తర్వాత కూర్చున్నవాళ్లకు ఆ రోజు ఆలస్యమైంది, ఇన్నాళ్లకు వాళ్లందరికీ క్షమాపణలు.

"నాకు ఒక అనుమానం ఉంది గానీ ఇప్పుడే చెప్పను. నేను చదువుకోవాలె. మా సార్‌ను అడగాలె" అంది. అనుమానాన్ని అనుమానంగానే చెప్పిన డాక్టర్‌ను చూడటం అదే మొదటిసారి. ఇంకో మాట కూడా అంది, అది విని నా కళ్లు నిండాయి. "నీది దొంగ నొప్పి కాదు. ఫికర్ జేయకు. మీ ఇంట్ల ఎవరన్న అట్లంటె నా దగ్గరకు తోల్కరా."

2022

నస్రీన్ పంపిన చోటికే హైదరాబాద్ వెళ్లాం. కీళ్లవాతం చూసే పెద్దాయన, ఆమెకు పాఠాలు చెప్పినవాడు. రక్తంలో ఏదో గుర్తు ఉందేమో చూశారు. ఈసారి స్కానింగ్ నడుముకు కాకుండా దాని కింద, తుంటి ఎముకలు కలిసే చోట తీశారు. ఇన్నాళ్లూ ఎవరూ అక్కడ చూడలేదు. నేను చెయ్యి పెట్టి చూపించిన జాగా అదే.

అది వెన్ను కీళ్లకు వచ్చే వాతమని తేలింది. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి మన ఎముకల కీళ్ల మీద పడుతుందట. ఎందుకు పడుతుందని అడిగాను. "పూర్తిగా తెలియదమ్మా, ఆడవాళ్లలో ఇంకా తక్కువ తెలుసు" అన్నారు ఆయన. నడిస్తే ఎందుకు తగ్గుతుంది? పడుకుంటే ఎందుకు బిగుస్తుంది? నా బిడ్డకు వస్తుందా? బాపు నడుము కూడా ఇదేనా? అడుగుతూనే ఉన్నాను. ఆయన తెలిసినవి చెప్పారు, తెలియనివి తెలియవన్నారు. బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మనకు ముందే తెలుస్తుంది, నీలాగా ఏళ్లు పోవు అన్నారు. ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది.

గోళీలు, సూదులు, రోజూ ఒళ్లు వంచే కసరత్తు. పూర్తిగా పోయే రోగం కాదు. ఇప్పటికీ చలికాలం పొద్దులు కష్టమే. కానీ ఇప్పుడు దానికి పేరుంది, నాకు ఉద్యోగం ఉంది. నస్రీన్ డాక్టరమ్మ అత్తమ్మను కూర్చోబెట్టి చెప్పింది, "ఆమె బస్సెక్కితే తగ్గుడే ఆ రోగం గుర్తు, అమ్మా" అని. తర్వాత రోజు పొద్దున పక్కింటామె గుమ్మంలోకి వస్తే అత్తమ్మ గొంతు పెంచి, "మా కోడలిది పెద్ద బీమారి, నీకు నాకు తెల్వది!" అంది. క్షమాపణ అంటే మా అత్తమ్మ దగ్గర అదే, నాకు చాలు.

మీకు నేను చెప్పేది కొంచెమే. పొద్దున లేవలేక, తిరిగితే తేలికపడే నడుము నొప్పి నెలల తరబడి ఉంటే ఆ మాట డాక్టర్‌కు అదే తీరుగా చెప్పండి. నీళ్లు, సూది, టెన్షన్ అని ముందే జవాబు చెప్పేవాళ్ల దగ్గర ఎక్కువ రోజులు ఉండకండి. అడిగేవాళ్ల దగ్గరికి పోండి. వీపు తొక్కించుకోకండి, ఎదురుకాళ్లదాన్ని నేనే చెబుతున్నాను.

2023, ఎండాకాలం

ఇక బాపు. డెబ్భై దాటిన మనిషి. నడుము నుంచి మెడ దాకా విల్లులా వంగిపోయాడు. మా ఊళ్లో ఆ వయసువాళ్లు చాలామంది వంగే ఉంటారు, నీళ్లు అలాంటివి. అందుకే ఆయన వంగడం ఎవరికీ వింత కాలేదు. ఒక్కరూ దవాఖానకు తీసుకెళ్లలేదు, ఆయనా అడగలేదు. నేను పోరి పోరి పాలమూరు తీసుకొచ్చాను.

నస్రీన్ గోడకు వీపు ఆనించి తల కూడా ఆనించమంది. బాపు తల గోడకు చాలా దూరంలో ఆగిపోయింది. ఎక్స్‌రేలు తీయించి, హైదరాబాద్ సార్‌కు పంపి, మాట్లాడి, మళ్లీ మమ్మల్ని లోపలికి పిలిచింది.

"పెద్దయ్యా, నీళ్ల సంగతి కొంత ఉంటే ఉండొచ్చు. కానీ నీకు మీ బిడ్డకున్న బీమారే. చిన్నప్పటి సందే ఉన్నది. వంగిందాన్ని నిలబెట్టలేను గానీ నొప్పి తగ్గిస్త."

బాపు, "పొద్దుగాల లేవకపోయేది గూడ గిందుకేనా?" అన్నాడు.

"గందుకే."

"నేను కావాలని గాదు?"

"కావాలని కాదు పెద్దయ్యా. ఎవ్వరు లేవలేరు అట్ల."

అప్పుడు చెప్పాడు బాపు, నేను పుట్టకముందు సంగతి. మా పెద్దబాపు, అంటే బాపు అన్న, ఊళ్లో మా ఇంటి పక్కనే ఉంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. పొలం గట్టు తగాదా అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. గట్టు కాదట. ఆ రోజుల్లో తెల్లారకముందే ఎద్దులను కట్టి బావిలోంచి మోటతో నీళ్లు తోడాలి. పెద్దబాపు ఒక్కడే లేచేవాడు. బాపు లేవలేకపోయేవాడు.

"పొద్దెక్కినంక పోయి, ఆయన కన్న ఎక్కువ దున్నేటోన్ని. అయిన గూడ, కూడు యాళ్లకు బాగనే లేస్తడని పది మందిల అన్నడు. పనిదొంగ అన్నడు. గా మాట మీదనే ఇల్లు పంచుకున్నం." బాపు ఆమె వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, మా అన్నకు జర ఫోన్ల చెప్తవా? నేను చెప్తె నమ్మడు. నువ్వు చెప్తె నమ్ముతడు."

బయట వరండా నిండా జనమే ఉన్నారు. నస్రీన్ తలుపు వైపు ఒకసారి చూసి, నా వైపు చెయ్యి చాపింది. నేను పెద్దబాపు నంబరు కలిపి ఇచ్చాను.

"పెద్దయ్యా, నేను పాలమూరు దవాఖాన డాక్టర్‌ను. లేదు లేదు, మీ తమ్మునికేం కాలేదు, మంచిగున్నడు. ఆయన మీకొక మాట చెప్పమన్నడు." మోట సంగతి, పొద్దుల సంగతి, బీమారి సంగతి నిదానంగా, అర్థమయ్యేలా చెప్పింది. "పనిదొంగ కాదు పెద్దయ్యా. అంత నొప్పితోని ఎట్ల దున్నిండో నాకే సమజ్ అయితలేదు." తర్వాత అవతల పెద్దబాపు చెప్పేది చాలాసేపు వింది. ఫోన్ బాపుకు ఇచ్చింది.

బాపు మెడ తిరగదు. ఫోన్ చెవికి పెట్టుకుని, మనిషి మొత్తం గోడ వైపు తిరిగాడు. అవతల ఏమంటున్నాడో మాకు వినబడలేదు.

"ఆ, నేనే" అన్నాడు. "ఊఁ." మళ్లీ ఆగాడు. భుజాలు కదులుతున్నాయి. "సర్లే, ఏడ్వకు, ఊకో." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ, తిన్న. బిడ్డ తినిపిచ్చింది. నువ్వు తిన్నవానే?"